శుక్రవారానికి ఎంత పప్పు

వారమంటే నాకు పప్పు లెక్క.
సోమవారానికి ఆరు కిలోల మినప్పప్పు,
మంగళ, బుధ, గురువారాలకు ఏడేడు,
శుక్రవారానికి నాలుగు.
ఆ రోజు సగం మంది ఊర్లకు పోయే బస్సుల ధ్యాసల ఉంటరు,
ఉప్మా ముట్టరు.
శనివారం, ఆదివారం
గ్రైండరు రాళ్ళు కడిగి ఎండకు పెడ్త.

ఆ సంగతి మొదలు చెప్పింది తేజస్విత,
అల్లం చట్నీ రెండుసార్లు ఏయించుకునే పిల్ల.
"ఆంటీ, వచ్చే నెల నుంచి మాకు నాలుగే రోజులు పని"
పెండ్లి కుదిరినట్టు చెప్పింది.
నేను నవ్విన. సంతోషమే బిడ్డా అన్న.
చేతిల గరిటె మాత్రం
పెనం మీద ఒక్కకాడ్నే ఆగింది.
మాడిన దోశ నేనే తిన్న.

గురువారం రాత్రి, అంజయ్యనగర్ రూముల
పప్పు డబ్బా ముందట కూసున్న.
మొత్తానికే రారా? కొందరన్న వస్తరా?
ఉప్పు లెక్క నేనెన్నడు తప్పలే,
మనుషుల లెక్క తప్పుతదని భయం.
రెండు కిలోలు పోసిన.
గిలాసెడు తీసిన.
మల్ల కలిపిన.

తెల్లారి
అద్దాల బిల్డింగు మీద పడ్డ ఎండ
తాగేటోళ్ళు లేని చాయ్ లెక్క
నా బండి మీదికే ఒలికింది.
గేటు కాడ ప్రద్యుమ్న ఒక్కడే, ఒడిశా పిలగాడు,
సెక్యూరిటీ టోపీ చంకల పెట్టుకుని.
"నీకు లేదా బేటా సెలవు?"
"బిల్డింగ్‌కు సెలవుంటదా అమ్మా" అన్నడు
వచ్చీరాని తెలుగుల.
నాలుగు ఇడ్లీలు తిన్నడు. పైసలు తీసుకోలే.
మిగిలిన పిండి పగటీలికి పొంగి
గిన్నె మూత లేపింది,
ఎవరన్న వచ్చిండ్రా అని తొంగి చూసినట్టు.

పక్కన పంక్చర్ దుకాణం ముకర్రం భాయ్
ట్యూబును నీళ్ళల ముంచుకుంట అన్నడు:
"మా తాత జమానల ఈ షహర్ల
జుమ్మాకే కచేరీలు బంద్ ఉండేవట,
గిదేం కొత్తది కాదు బాలమణీ."
బుడగ లేచినకాడ సుద్దతోని గీత గీసిండు.
నా వారంల గాలి ఏడ ఎళ్ళిపోతుందో
గట్ల గీసి చూపెట్టేటోళ్ళు ఎవరు?

మూడో వారానికి సమజైంది.
వాళ్ళకు పని తగ్గలే, మడత పడ్డది.
ఐదు రోజులను నాలుగింటిల కుక్కిండ్రు,
ఆఖరి బస్సుల మందిని కుక్కినట్టు.
ఆరింటికి దిగేటోళ్ళు
ఎనిమిదిన్నరకు దిగుతుండ్రు,
కండ్లు లోపలికి గుంజుకపోయి,
చేతిల ఫోన్ ఇంకా మోగుకుంట.
ఆకలితోని మనిషి నా బండి కాడికే కదా వస్తడు!
రాత్రి దోశ మొదలువెట్టిన.
రోజుకు తొమ్మిది కిలోలు.
లెక్క సరిపోయింది, పైన నలభై రూపాయలు మిగిలింది.
మణికట్టుకు జండూబామ్ డబ్బా
ఆ నలభైల నుంచే.

ఈ గురువారం రాత్రి
పప్పు డబ్బా మూత తీయలే.
ఆరేండ్ల సంది నా నెత్తి మీదికెళ్ళి పోతున్న మెట్రో
ఒక్కసారన్న ఎక్కలే.
రాయదుర్గం స్టేషన్ల టికెట్ పిల్ల అడిగింది,
"ఎక్కడికమ్మా?"
"చివరి దాకా."
కిటికీల హైదరాబాదు
వెనకకు వెనకకు పోతుంటే
మిద్దెల మీద ఆరేసిన చీరలు చూసిన,
నీళ్ళ ట్యాంకు నీడల
పదకొండింటికి పండుకున్న ఒక మనిషిని చూసిన,
ఎవలో, ఏం పని చేస్తడో.
చెయ్యి ముక్కు కాడ పెట్టుకున్న.
పులిసిన పిండి వాసన రాలే.
వేరేటోళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు
కొంచెం సిగ్గైంది.

నాగోల్‌ల దిగిన.
ఎవరో కాచిన చాయ్ తాగిన,
శక్కర ఎక్కువైంది, అనలే.
మల్ల ఎక్కిన.
అమీర్‌పేట దాటినంక యాదికొచ్చింది,
ప్రద్యుమ్న పొద్దున
ఏం తిన్నడో.