తుప్పు పట్టించే పని

అన్‌షాన్‌లో కిటికీ అంచు తుడిస్తే
ఇప్పటికీ వేలికి ఇనుము అంటుతుంది.
మంచు కురిసిన మర్నాడు కూడా.

మా నాన్న బియాన్ గ్వోషున్
ముప్పై ఒక్క ఏళ్లు తుప్పుతో పోట్లాడాడు.
గీకడం, పూయడం, మళ్లీ గీకడం.
"ఒక్క చలికాలం నమ్మావా, వంతెన మింగేస్తుంది" అనేవాడు.
ఇప్పుడు ఫోన్లో అడుగుతాడు, ల్యాబులో ఏం చేస్తావని.
తుప్పు పట్టిస్తాను, అంటాను.
అటుపక్క కాసేపు దగ్గు మాత్రమే.

గిన్నెలో కాలేయపు కణాలు, ఎవరివో,
చావడం మరిచిపోయినవి.
లోపల ఇనుముకేం కరువు లేదు.
ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెటపెట్లంటారు;
ఇక్కడ ఇనుమే అగ్గిపుల్ల.
పొరలోని కొవ్వుకి అంటుకుంటే చాలు,
కణం అంచు నుంచి కాలిపోవాలి.
కాలదు.

కారణం ఒక పొడుగాటి పోగు. ఆర్ఎన్ఏ.
ఒక్క ప్రోటీనూ వండిన పాపాన పోలేదు.
దాని వంశాన్నంతా ఒకప్పుడు చెత్త అన్నారు.
ఆ వంటరానిది గుమ్మంలో చతికిలబడి
వచ్చే పోయే బుల్లి ఆర్ఎన్ఏలని,
ఇరవై రెండక్షరాల పిల్లకాయల్ని,
ఒక్కొక్కరినే ఒళ్లోకి లాక్కుంటుంది.
లోపలికి వెళ్లనిస్తే వాళ్లు
సిస్టీన్ తెచ్చే తలుపు తాలూకు చీటీ చింపేసేవాళ్లు,
గ్లూటాథయోన్ కుండ అడుగంటేది,
తుప్పు తన దారిన తానొచ్చేది.
వెళ్లనివ్వదు.
కబుర్లలో పెట్టి కూర్చోబెడుతుంది.
కంతి పెరుగుతుంది.

మంగళవారం ఆ పోగుని కత్తిరించాం.
బుధవారం ఏమీ కాలేదు.
ప్రొఫెసర్ షీ నూడుల్స్ జుర్రుకుంటూ
ఎవరి గిన్నె ఎవరు కడగలేదో అడిగింది.

గురువారం తెల్లవారుజామున నాలుగింటికి
కణాలు ఉబ్బాయి.
ఈ ఉబ్బు నాకు తెలుసు.
రేకు మీద రంగు ఇలాగే పొంగేది,
నాన్న గోటితో గిల్లి చూపించేవాడు,
కింద ఎర్రటి పొడి.
ఇక్కడ పొడి లేదు, ఆకుపచ్చ వెలుగు,
తర్వాత పొర తెగి, ఖాళీ.

నేను ఎగిరి గంతెయ్యలేదు.
మూడో గిన్నెలో మామూలు కాలేయం ఉంది,
ఏ పాపం ఎరగనిది.
దానికీ ఇనుముంది.
అందులోనూ కొన్ని ఉబ్బాయి.

నాన్నకి చెప్పాను. చాలాసేపు ఆలోచించాడు.
"ఆపడానికే నా ఉద్యోగం చాలలేదు.
మొదలుపెట్టినదాన్ని
ఎక్కడ ఆగాలో ఎలా చెబుతావే?"

ఉండు నాన్నా, లెక్క తప్పుతుంది.
నూట పదిహేడు.
నూట పద్దెనిమిది.