ఊపిరి చివర ఖాళీ జాగా

ఏనుగుల్ని తీయడానికొచ్చిన ఒకాయన
ఈ లెన్సు మా స్టూడియోలో రిపేరుకిచ్చి మళ్ళీ రాలేదు.
పొడవు జానెడే, బరువు మాత్రం
నెలల పిల్లంత.
రింగు తిప్పితే లఖారి అడవి ఎర్రమట్టి
ఇంకా కరకరమంటుంది.
"ఆర్నెల్లు చూద్దాం" అన్నాడు మా ఓనరు దాలినాయుడు.
ఇది ఏడో నెల.

స్టాండు లేదు.
పాతపట్నం పెళ్ళిలో పెళ్ళికొడుకు బావమరిది
దాన్ని వాటేసుకుని డాన్సు కట్టాడు, ఒక కాలు పోయింది.
అంచేత ఈ కార్తీక అష్టమి రాత్రి
పర్లాకిమిడిలో, అద్దె డాబా మీద,
ఉన్నవి నా రెండు చేతులే.

మొదటి ఫొటోలో చంద్రుడు లేడు,
సున్నం ఉండ ఉంది.
కెమెరాకి నల్లటి ఆకాశమే కనిపించి, పాపం,
భయపడి దొరికిన వెలుతురంతా తాగేసింది.
నచ్చజెప్పాను దానికి:
రాత్రి మనకేనే, అక్కడ ఎండ కాస్తోంది.
చంద్రుడంటే ఎండలో పడున్న రాయి.
మహేంద్రతనయ ఒడ్డున బట్టలుతికే బండని
పట్టపగలు ఎలా తీస్తావో అలాగే తియ్యి.

రాయి వచ్చింది.
కదిలిన రాయి.
వేగం పెంచాను, ఇంకా పెంచాను.
ఒకదాంట్లో అంచు రెండుగా చీలింది.
ఒకదాంట్లో మూడు మెట్లు దిగుతున్నట్టు
మూడు చందమామలు, ఒకదాని మీద ఒకటి.
పెద్దది చేసి చూస్తే తెలిసింది,
అది నా నాడి.
రెండు లక్షల కోసుల దూరాన
నా మణికట్టు కొట్టుకుంటోంది.

పక్క డాబా మీద గోలక్ మహారణా,
కొమ్ముతో కొంగల్ని చెక్కే మనిషి,
చాలాసేపు చూసి బీడీ ఆర్పాడు.
సగం ఒడియా, సగం మన మాట.
"ఏటమ్మా, ఊపిరి బిగబడుతున్నావు?
బిగబడితే గుండె తలుపు బాదుతుంది.
వదిలెయ్. మొత్తం వదిలేశాక,
మళ్ళీ పీల్చే లోపల
చిన్న ఖాళీ జాగా ఉంటుంది చూడు,
కొంగ మెడ నేనక్కడే తీస్తాను."

నీళ్ళ ట్యాంకుకి వీపు ఆనించాను, చల్లగా తగిలింది.
మోచేతులు పక్కటెముకలకి అదిమి
ఎడమ అరచేతిలో లెన్సుని
పసిదాని మెడ కింద చెయ్యి పెట్టినట్టు పట్టుకుని
వదిలాను.
ఎక్కడో గుణుపూరు బండి కూత.
వదలడం అయిపోయింది.
పీల్చడం ఇంకా మొదలవలేదు.
వేలు తనంతట తనే దిగింది.

సగం చంద్రుడు.
వెలుగు ఆగిపోయే గీత పొడుగునా
గుంటలు, గుంటల్లో నీడలు, నీడల్లో మిట్టలు.
పున్నమికివి దాక్కుంటాయి;
ఎదురు లైటు పెట్టిన పాస్‌పోర్టు ఫొటోలా
మొహం చదునుగా పడుతుంది.
పక్కనించి వెలుగు పడితేగాని
ఎవరి మొహమూ నిజం చెప్పదు.
"మచ్చలు తీసెయ్యండి మేడమ్" అంటారు రోజూ.
తీసేస్తాను, ఒక్కో మొహానికి పదిరూపాయలు.

గోలక్‌కి పిట్టగోడ మీంచి చూపించాను.
"మెరుగు పెట్టని కొమ్ము" అన్నాడు,
ఇంకేమీ అనలేదు,
రెండో బీడీ వెలిగించుకున్నాడు.

మెట్లు దిగేటప్పుడు పాడైనవన్నీ చెరిపేశాను,
మూడు మెట్లు దిగే చంద్రుణ్ణి తప్ప.
ఎందుకో.

పొద్దున్నే మొదటి బేరం, కొండ మీంచి దిగొచ్చిన
సవర ముసలమ్మ, పింఛను కార్డుకి.
నుదుటి మీద నిలువు పచ్చబొట్టు,
భుజాలకి దిగబోతున్న చెవితమ్మెలు,
బుగ్గల నిండా ఎండిన వాగులు.
కదలకమ్మా అనలేదు.
లైటు స్టాండు కాళ్ళతో నెట్టి
కాస్త పక్కకి జరిపాను.
ఆమె ఊపిరి వదిలేదాకా ఆగాను.

ఆఫీసులో ఈ ఫొటో చెల్లదంటారేమో.
చూద్దాం.