వెనక పేజీలు

వేట నిషేధం, అరవై ఒక్క రోజులు.
హార్బర్లో బోట్లు ఒకదాని భుజం మీద ఒకటి వాలి కునుకుతున్నాయి.
ఐసు క్రషర్ నోరు మూసుకుంది.
లెక్కలు రాసే నాకు లెక్కలు లేవు.

బోట్లలో జీపీఎస్‌లు బాగుచేసే ఎల్లాజీ
ఆఫీసు పాత కంప్యూటర్లో లినక్స్ ఎక్కించి,
"దీనికి వైరస్ పట్టదు పిన్నీ, కాళీయే కదా, నేర్చుకో" అని
పని చూసుకుని పారాదీప్ వెళ్ళిపోయాడు.
నల్ల తెర. మూలన ఒక తెల్ల గీత
ఆరుతూ, వెలుగుతూ.
నేనేదో అనాలని చూస్తున్నట్టు.

ఐసు ఖాతా పుస్తకం తిరగేసి
వెనక నుంచి మొదలుపెట్టాను.

"ఎల్ ఎస్ కొడితే ఏమున్నాయో చూపిస్తుంది.
సీడీ అంటే లోపలికి వెళ్ళడం.
రెండు చుక్కలు పెడితే వెనక్కి రావడం.
పీడబ్ల్యూడీ అంటే రోడ్ల వాళ్ళనుకున్నాను,
నేనెక్కడున్నానో చెబుతుందట."
దాని కింద, చిన్నక్షరాలతో:
"ఇలాంటిది బయట కూడా ఒకటుంటే బాగుణ్ణు."

మూడో పేజీ.
"సుడో తర్వాత పాస్‌వర్డ్ కొడితే తెర మీద ఏమీ పడదు.
కీబోర్డు చెడిపోలేదు. దాని పద్ధతే అంత."
ఆ పద్ధతి తెలిసేలోగా పూర్ణా మార్కెట్ దాకా వెళ్ళి
కొత్త కీబోర్డు కొనేశాను, నాలుగువందల యాభై.
బిల్లు అక్కడే అంటించి ఉంచాను.

ఉప్పుగాలికి ఇంకు అలుక్కుపోతుంది మా రేవులో.
ఒక అడ్డగీత కరిగితే ఆజ్ఞ మారిపోతుంది.
అందుకని పెన్సిలు.
అందుకని ఖాళీ వదలాల్సిన చోట
మెంతిగింజంత సున్నా.

ఏడో పేజీ చుట్టూ ఎర్రగీత. ఆర్ ఎం.
మార్చి నెల బాకీలు, నూట పన్నెండు బోట్లవి,
ఒక్క చుక్క గుర్తుతో పోయాయి.
ఆ రోజు తేదీ తప్ప ఏమీ రాయలేదు.
మర్నాడు రాశాను:
"ఇది అడగదు. నిజంగానేనా అని ఒక్కసారీ అడగదు."

పుస్తకం ముందు వైపు తిప్పితే
సగం బాకీలు నా చేతిరాతలోనే ఉన్నాయి.
మిగతా సగం బోటువాళ్ళనే అడిగాను.
ఇద్దరు తగ్గించి చెప్పారు.
మైలపల్లి దానయ్య మాత్రం
నాకు గుర్తున్నదానికంటే నాలుగు దిమ్మలు ఎక్కువ చెప్పి,
"రాసుకో, మళ్ళీ మర్చిపోతావు" అన్నాడు.

అర్థం కానివీ రాశాను.
"ఇది ఎందుకు పనిచేసిందో తెలీదు. ముట్టుకోవద్దు."
"పర్మిషన్ డినైడ్. ఏటి, నన్నే?"
ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది కొన్నిటికి.
కొన్నిటికి ఇప్పటికీ రాదు.

జూన్ పదమూడు. రేపు అర్ధరాత్రి బోట్లు కదలాలి.
ఎల్లాజీ వచ్చాడు, సంచి భుజానే ఉంది,
కుర్చీ లాక్కుని ఏదో కొట్టబోయి
సగంలో మర్చిపోయి
వేళ్ళు గాల్లో ఆపాడు.

నేనేమీ అనలేదు.
పదకొండో పేజీ తీసి
ఐసు తడి ఆరని వేలు పెట్టి చూపించాను.
అప్పుడే క్రషర్ మొదలైంది,
అతనేమన్నాడో వినపడలేదు.