కర్నూల్లో మూడు నైట్ హాల్టులు

ముప్పయ్యొక్కేండ్లు ఈ ఊరికి వచ్చినా.
వచ్చినానంటే, బస్సును తెచ్చినా.
నాకు తెలిసిన కర్నూలు
ముందద్దం ఎంతో అంత.
నంద్యాల చెక్‌పోస్టు కాడ మూడో గేరు,
బస్టాండు మలుపులో రెండో గేరు,
క్యాంటీన్లో ఉగ్గాని, రెండు బజ్జీలు,
మళ్ళా ప్రొద్దుటూరు బోర్డు.

రిటైరైన ఆర్నెల్లకు డాక్టరమ్మ
చీటీ మీద మాత్రల కంటే పైన
'నడక' అని రాసింది.
"ఇన్నేండ్లూ కూర్చునే ఉన్నావు పెద్దాయనా" అనింది.
లక్షల కిలోమీటర్లు తిరిగినోణ్ణి పట్టుకొని
కూర్చున్నోడంటే నవ్వు రాదా?
కాశింబీ నవ్వలేదు.
ఇంటికొచ్చి అటక మీది సంచి దించి దులిపింది.
"యాడికన్నా పోదాం. నడిచేదానికే పోదాం.
ఈడుంటే నువ్వు వాకిలి దాటవు."
యాడికి అంటే
నా నోటికొచ్చిన బోర్డు ఒకటే.

లాడ్జిలో మూడో అంతస్తు.
లిఫ్టు ఉండాది.
కాశింబీ దానికల్లా చూడనన్నా చూడలేదు.

మొదటి పొద్దు రోడ్డెక్కితే తెలిసింది,
నా రెండు కాళ్ళూ ఒక ఉద్యోగం చెయ్యలేదని.
క్లచ్చి తొక్కిన కాలికి తొందర,
బ్రేకు తొక్కిన కాలికి అనుమానం.
ఆటో అడ్డమొచ్చినప్పుడు
కుడిపాదం చెప్పులోనే నేలను అదిమి పట్టింది.
నేను ఆగినా.
ఊరు ఆగలేదు.

కొండారెడ్డి బురుజును
ఊరేగింపులకు దారి మళ్ళించిన రోజుల్లో
రెండుసార్లు చూసినా, రెండుసార్లూ తిట్టుకుంటా.
ఇప్పుడు దాని మెట్ల మీద ఒకటో గేర్లో నేను.
సగంలో ఆయాసమొచ్చి గోడ పట్టుకుంటే
పైనుంచి కాశింబీ
రాతి మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి
"రైట్ రైట్" అనింది.
ఫోటోలు దిగుతున్న పిల్లోళ్ళు
గోడకు అతుక్కొని దారిచ్చినారు,
నిజం బస్సుకు ఇచ్చినట్టు.

పైన ఒక ముసలాయన చెప్పినాడు,
దీని కిందనుంచి గద్వాల దాకా సొరంగం ఉందంట,
ఏటి అడుగున పోతాదంట.
నాకు రాజులు గుర్తు రాలేదు.
అంత సన్న దోవలో ఎదురుబండి వస్తే
వెనక్కి తీసేదెవరా అని పట్టుకుంది.
రాత్రి లాడ్జిలో గూడా అదే అడిగినా.
"పిక్కలకు నూనె రాసుకొని పండుకో" అనింది.

రెండోనాడు హంద్రి ఒడ్డున గుమ్మటం.
చెప్పులిడిచి నడిస్తే
బండల చల్లదనం మోకాళ్ళ దాకా ఎక్కింది.
పెడల్ తప్ప ఏమీ ఎరగని పాదాలు
ఆ చలవకు ఏం చెయ్యాలో తెలీక నిలబడినాయి.

ఆడినుంచి పాతూరి సందుల్లో తిరుగుతాంటే
చాటలో పూలు కట్టుకుంటా కూర్చున్నామె
గోడ మీద ఒక గీత చూపించింది.
వరదొచ్చిన యాడాది నీళ్ళు నిలబడిన చోటంట.
కాశింబీ చెయ్యెత్తింది. అందలేదు.
మునివేళ్ళ మీద లేచింది. అందలేదు.

ఆ వరదకు నా బస్సును నంద్యాల్లోనే ఆపినారు.
డ్రైవరు సీట్లో రెండు రాత్రులు కునికినా.
ముందర దోవ లేదు అన్న ముక్కొకటే నాకు తెలుసు.
తర్వాత ఎన్ని వందల ట్రిప్పులు!
దిగి, పది నిమిషాలు నడిచి, ఈ గోడను
ఒక్కసారి చూడలేదే.
పూలామె మూర పూలు కాశింబీకి ఇచ్చింది.
దుడ్లు తీసుకోలేదు.

మూడోనాడు కాళ్ళు సమ్మె చేసినాయి.
మంచం దిగనన్నా.
కాశింబీ ఒక్కతే పోయింది, రెండేర్లు కలిసే చోటికి.
మధ్యాహ్నానికి వచ్చి
ఎట్లుందో చెప్పమంటే చెప్పలేదు.
"నడిచి చూసుకో" అనింది.
నాలుగు గంటలప్పుడు పోయినా, కుంటుకుంటా.
నేనూ చెప్పను.

తిరుగు బస్సులో డ్రైవరు మా డిపో పిల్లోడే.
"అన్నా, ముందు సీటు నీకే పెట్టినా" అన్నాడు.
కాశింబీ నాకల్లా చూసింది.
"ఓర్వకల్లు దాకా నిలబడతాంలే నాయనా."
పైకమ్మి పట్టుకొని నిలబడితే
అద్దం పక్కకు, కిటికీల్లోంచి,
ఊరు ఇంత వెడల్పా!