చీపురు పరీక్ష

పట్టపగలు హైడ్రోజన్ మంట కంటికి ఆనదు.
రంగుండదు, పొగుండదు, వాసనైనా రాదు.
మీటరు మొరాయించిన రోజున
మాకు దిక్కు అండాలమ్మ చీపురే.
కొండచీపురును ముందుకు చాపి
పైపుల పక్కన అడుగులో అడుగు వేస్తాను.
పుల్ల కొస అంటుకుందా, అక్కడే ఆగాలి.
"నా చీపురు కాలబెడితే కొత్తది కొనియ్యాలె"
గుమ్మం దగ్గర నిలబడి ముందే చెబుతుంది తను.
మూడేళ్ళలో నాలుగు కొన్నాం.

బాలానగర్‌లో, ఒకప్పుడు ఫ్యాన్ రెక్కలు చేసిన షెడ్డు మాది.
పాత వ్యాను ఇంజను పీకి తుక్కు కింద అమ్మితే
ఆ డబ్బుకి ఒక వాల్వు వచ్చింది.
ఒక్కటే.
ఇంజనున్న చోట ఇప్పుడు నూటపది పలకల దొంతర,
పెళ్ళింటి విస్తళ్ళ కట్టలా బిగించి.
పలకకీ పలకకీ మధ్య
ఉల్లిపొర మందాన ఒక పొర.

పలకల మీద గాళ్ళు కోసింది గౌస్ మొహియుద్దీన్.
పక్క గల్లీలో ఆయన మిల్లింగ్ మిషను.
గ్రాఫైట్ మసి వేళ్ళకి, కనుబొమలకి, చాయ్ కప్పు అంచుకి.
"ఇంత నల్లటి పని చేయించుకొని
సాఫ్ బండి అంటరేంది మేడమ్" అని నవ్వాడోసారి.
నాకు నవ్వు రాలేదు.
ఆ నెల మా సిలిండర్లు
రెండు రాష్ట్రాలు దాటి డీజిల్ లారీలో దిగాయి,
సహజవాయువును ఉడికించి తీసిన హైడ్రోజన్.
మేం పంపే నివేదికలో ఆ లారీ పొగకి గడి లేదు.
నా నోటుపుస్తకంలో ఒకటి గీశాను, ఎర్రసిరాతో.

ప్లాటినం సంగతి అడగొద్దు.
బ్రష్షు కడిగిన నీళ్ళు కూడా
మూత బిగించి దాచుకున్నాం.

ఏప్రిల్ పదిహేడున రోడ్డెక్కింది.
ఫతేనగర్ వంతెన మీద ఆటో అబ్బాయి
తల బయటికి పెట్టి,
"బండి బందయిందా అక్కా?"
లేదు తమ్ముడూ, నడుస్తోంది.
చప్పుడంటే గాలి పంపు సన్నటి ఈల, అంతే.
సనత్‌నగర్ మలుపు తిరిగాక
నిజంగానే బందయింది.

ఎండ నలభై రెండు. పొరలు ఎండిపోయాయి.
తడి ఉంటేనే ప్రోటానుకి అందులో దారి.
నీళ్ళు పుట్టించే బండి
దాహంతో నడిరోడ్డు మీద నిలబడిపోయింది.
వెనక హారన్లు.
పక్కనుంచి నీళ్ళ ట్యాంకరొకటి
దారంతా కార్చుకుంటూ పోయింది.

నలుగురం తోసుకుంటూ తెచ్చాం.
అండాలమ్మ టైర్ల నుంచి టాపు దాకా చూసి,
"ఎండకాలం కుండకు తడిబట్ట చుడ్తం గద,
దీనికి చుట్టలేదా?"
అలా కాదమ్మా, అని విసుక్కున్నాను.
పది రోజులు తలపట్టుకున్నాక అలాగే అయింది,
కొంచెం వేరే లెక్కలతో:
బయటికి పోయే ఆవిరిని పట్టి
లోపలికొచ్చే పొడిగాలికి తడి అద్దడం.

జులైలో బోయిన్‌పల్లి మార్కెట్ దాకా పోయి
తన కాళ్ళ మీదే తిరిగొచ్చింది.
వెనక గొట్టం కింద స్టీలు గ్లాసు పట్టాను.
చాలా భాగం ఆవిరై పోయింది,
మిగిలింది సగం గ్లాసు, గోరువెచ్చగా.
గౌస్ భాయ్ వాసన చూసి, ఏం లేదన్నట్టు పెదవి విరిచాడు.
"తాగొచ్చునా?" అండాలమ్మ.
ల్యాబుకి పంపాలి, రిపోర్టు రావాలి, అంటున్నానా,
తను గ్లాసు లాక్కుని
పెయింటు డబ్బాలోని మెంతికూరకి పోసేసింది.
మా మూడేళ్ళు
మట్టిలోకి ఇంకడానికి
ఎంతోసేపు పట్టలేదు.

కోపం వచ్చింది. తర్వాత రాలేదు.

రేపు కొత్త సిలిండర్లు వస్తాయి,
ఆ లారీలోనే.
మీటరు ఇంకా రిపేరులో ఉంది.
అయిదో చీపురు
గోడకి ఆనించి ఉంది.