జాలీ కింద

మూడో రోజుకి నీళ్లు చీలమండల దాకా వచ్చాయి.
యాసిడ్ పోశాను, వేడినీళ్లు పోశాను,
ఎవరో చెప్తే సోడా ఉప్పూ నిమ్మరసమూ పోశాను.
జాలీ ఒక్కసారి గుర్రుమంది,
తిన్నది అరగని మనిషిలా త్రేన్చింది,
అంతే.

వాటర్‌బోర్డు వాళ్లు రోడ్డు మీది మూత ఎత్తి
"మా లైను సాఫ్‌గనే ఉంది, రోగం మీ ఇంట్లనే" అన్నారు.
మా ఇంటిని కిందినుంచి పైదాకా ఒకసారి చూసి పోయారు.
సిగ్గేసింది.
నేరేడ్‌మెట్‌లో ఇరవై ఏళ్ల అప్పు మీద కట్టుకున్న ఇల్లు
నడివీధిలో నిలబడి
తన కడుపునొప్పి చెప్పుకున్నట్టు.

భిక్షపతి మోపెడ్ మీద వచ్చాడు.
వెనక చుట్ట చుట్టిన ఇనుప స్ప్రింగు,
కాళ్ల దగ్గర చిన్న మోటారు.
పన్నెండు వందలన్నాడు. ఎనిమిదన్నాను.
"పనైనంక చెప్పురి" అన్నాడు.

మోకాళ్ల మీద కూచుని
ఒక చేతి తొడుగు తీసేశాడు.
తొడుగుంటే తెలియదట.
స్ప్రింగు తిరుగుతూ లోపలికి పోతోంది,
పది అడుగులు, పదిహేను.
నేను పోయించిన గచ్చు కింద
నేనెప్పుడూ చూడని దారి
అతని అరచేతికి కనబడుతోంది.
"గిది మలుపు. గిది ఇంకో మలుపు.
ఆఁ... గీడుంది."

మొదట జుట్టు వచ్చింది.
అత్తయ్య గోరింటాకు వెంట్రుకలు, నావి, హంసినివి.
ఇంట్లో ఏ పూటా ఒక్క మాట మీద నిలవని మేం ముగ్గురం
అక్కడ ఒక్క జడై ఉన్నాం.
తర్వాత షాంపూ ప్యాకెట్ల చెవులు,
గోడకి అంటించి మరిచిన బొట్టుబిళ్లలు,
తర్వాత మట్టి.
దోసిళ్ల కొద్దీ బంకమట్టి.

"మట్టేందమ్మా బాత్రూంల?"

నాకు తెలుసు.
అతనికి చెప్పడానికే కాస్త టైం పట్టింది.
చవితికి హంసిని చేసిన జానెడు వినాయకుడు.
ఊరంతా లారీలెక్కి సాగర్‌కి పోతుంటే
మేం బకెట్లో నిమజ్జనం చేశాం,
ఫోటో తీసి అందరికీ పంపాం.
మెచ్చుకున్నారు.
తెల్లారేసరికి ఆయన జావైపోయాడు.
ఉన్న తులసి కుండీకీ కలబంద కుండీకీ పోయగా
ఇంకా సగం బకెట్ మిగిలింది.
దాని ఫోటో తీయలేదు.
తలుపేసుకుని, జాలీ ఎత్తి,
చిన్న గొంతుతో బప్పా మోరియా అన్నాను.

సాగనంపాననుకున్నాను.
ఆయన మలుపు తిరగలేక
మా గచ్చు కిందే కూర్చున్నాడు.

భిక్షపతి నవ్వలేదు.
"నీళ్లు పోయే తొవ్వల నీళ్లే పోవాలె" అన్నాడు,
ఇంకో పావుగంట స్ప్రింగు తిప్పాడు.
ఒక్కసారిగా,
నిలిచిన నీళ్లన్నీ సుడి తిరిగి,
ఎవరో ఊపిరి వదిలినట్టు వెళ్లిపోయాయి.

చేతులు కడుక్కుని మంచినీళ్లడిగాడు.
హంసిని పుట్టినరోజుకి తెచ్చి మిగిలిన
కాగితం గ్లాసు వెతికి మరీ ఇచ్చాను.
స్టాండు మీద పదకొండు స్టీలు గ్లాసులు
బోర్లించి ఉన్నాయి.
అతను వాటివైపు చూడలేదు. నేనే చూశాను.
తాగి, ఆ గ్లాసు నలిపి
తన సంచిలోనే వేసుకున్నాడు.

అప్పుడు గుప్పిట తెరిచాడు.
కుళాయి కింద కడిగిన రెండు గింజలు,
ఎరుపూ నలుపూ.
"దేవుని కండ్లమ్మా. పాపకియ్యురి."

గురివింద.
పోయిన నెలే హంసినికి ఆ సామెత అర్థం చెప్పి
సొంతవాక్యం రాయించాను.
పక్కింటివాళ్ల మీద రాయించాను.

పన్నెండు వందలూ ఇచ్చాను.
అదేం గొప్ప కాదు, అతని రేటే అది.
మోపెడ్ మలుపు తిరిగేదాకా
చేతిలో ఒక స్టీలు గ్లాసు పట్టుకుని
గేటు దగ్గర ఎందుకు నిలబడ్డానో
అత్తయ్య అడిగింది.
చెప్పలేదు.

బాత్రూం కిటికీ గట్టు మీద
గింజలు రెండూ పెట్టాను, నల్లవైపు పైకి.
ఒకటి నిలిచింది.
ఒకటి దొర్లింది.