ఇంకా పడే ఉన్నాననుకుని

బ్లైనైలో వాన కురవని రోజుకి
జనం పేరు పెట్టి గుర్తుంచుకుంటారు.
ఇది ఆ రోజు కాదు.
పలకరాతి కప్పు మీద చినుకులు, కింద షెడ్డులో ముగ్గురం:
వెల్డింగు చేసే ఎలినెడ్,
ఆమె మేనమామ ఇద్వల్,
టార్చి పట్టుకోవడం తప్ప ఏ పనీ రాని నేను.

చట్రం ఇద్వల్‌ది. యాభై నాలుగులో తయారైంది.
దాని సొంత ఇంజను డెబ్భై ఒకటిలో
కొండదారి ఎక్కుతూ ఎక్కుతూ
పిస్టను డొక్క చీల్చుకు బయటపడి చచ్చిపోయింది.
అప్పట్నుంచీ చట్రం గోడమేకుకి వేలాడి
కోళ్ళకి దండెమైంది.

కొత్త ఇంజను రెక్సమ్ తుక్కుదుకాణంలో దొరికింది.
ముందుచక్రం మడతపడ్డ బండిలోంచి ఊడదీసి ఇచ్చారు.
తొమ్మిదివేల మైళ్ళు.
నడిపిన మనిషి సంగతి మేం అడగలేదు,
వాళ్ళూ చెప్పలేదు.
ఎడమవైపు మూత మీద మాత్రం
తారురోడ్డు గీకిన గీతలు,
పిల్లి మంచంకోడుని గీకినట్టు.

రెండు సిలిండర్లు, తొంభై డిగ్రీల ఎడం.
అలిగి మొహాలు చెరోవైపు తిప్పుకున్నా
ఒకే క్రాంకుని తిప్పక తప్పని ఇద్దరు.

ముందు అట్టముక్కలతో ఉత్తుత్తి ఇంజను చేసింది ఎలినెడ్.
అది ఇట్టే దూరింది.
అట్టకి మొహమాటం, కాస్త నొక్కితే వంగుతుంది.
అసలుది వంగలేదు.
వెనక సిలిండరు తల
సీటు కింది గొట్టానికి రెండు వేళ్ళ మేర అడ్డం.
తిప్పాం. ఏటవాలుగా దించాం. పడుకోబెట్టి దూర్చాం.
తిట్టాం, వాళ్ళు వెల్ష్‌లో, నేను లివర్‌పూల్ యాసలో.
రెండు వేళ్ళు రెండు వేళ్ళే.

"కొయ్యాలి మామా."
ఈననున్న గొర్రె డొక్క తడిమినట్టు
గొట్టం మీద చెయ్యేసి నిలబడ్డాడు ఇద్వల్.
"కోస్తే ఇంక అది అది కాదు."
"గోడకి వేలాడితే అవుతుందా?"
జవాబు చెప్పకుండా వెళ్ళి
గ్రైండరు అరుస్తున్నంతసేపూ
వానలో బంగాళాదుంపలు తవ్వాడు.
పూటకి చాలినన్ని కావాలి. బస్తాడు తవ్వాడు.

కోసినచోట టార్చి వేసి చూశాను.
గొట్టం లోపలిగోడ తళతళలాడుతోంది, తుప్పు జాడే లేదు.
డెబ్భై ఏళ్ళుగా ఆ చీకట్లోకి
ఎవరూ తొంగిచూడలేదు మరి.
వంపు తిప్పిన కొత్త గొట్టం అతికింది ఎలినెడ్.
అతుకుని నున్నగా అరగదీయలేదు.
"కనపడనీ," అంది, "దాస్తే దొంగతనంలా ఉంటుంది."

వైర్లతో మరో మూడు వారాలు.
బటను నొక్కితే స్టార్టరు తిరిగింది, మంట రాలేదు.
పెట్రోలుంది, బ్యాటరీ ఉంది, ప్లగ్గులు కొత్తవి.
నాలుగు రాత్రులు మీటరు పట్టుకుని
వైరు వైరుకీ నాడి చూసింది ఎలినెడ్.

మాగ్నెటో తప్ప మరో కరెంటుని నమ్మని ఇద్వల్
బ్యాటరీ పక్కన టేపుతో చుట్టి పడేసిన
అగ్గిపెట్టెంత నల్లపెట్టెని వేలితో పొడిచాడు.
"ఇదేంటి?"
"బండి పడిపోతే కనిపెడుతుంది. వెంటనే ఇంజను ఆపేస్తుంది."
"మరి నువ్వు దాన్ని పడుకోబెట్టావు కదా."

కాసేపు వాన చప్పుడొక్కటే.
ఆ రోడ్డు మీంచి లారీలోకి, తుక్కులోకి,
అక్కణ్ణించి మా బల్ల మీదికి వచ్చినా
ఇంకా పడే ఉన్నాననుకుని
ఎవరైనా లేపేదాకా ఊపిరి బిగబట్టుకుంది పాపం.

ఎలినెడ్ టేపు చింపి పెట్టెని నిలబెట్టింది.
నువ్వే నొక్కు అన్నట్టు మేనమామ వైపు చూసింది.

కప్పు పలకలు గలగలలాడాయి.
టార్చి ఎప్పుడు జారవిడిచానో నాకు తెలీదు.

ఇంకా చాలా పని ఉంది. చైను టైరుకి రాసుకుంటోంది.
స్పీడోమీటరు సూది నోటికొచ్చిన అంకె చెబుతోంది.
ఈ కాలం ఇంజన్లు నూనె కారవని
ఎలినెడ్ పందెం కూడా కాసింది.
పొద్దున చూస్తే నేలపలక మీద
బొట్టంత, నల్లగా, ఒకే ఒక్క చుక్క.
ఇద్వల్ వంగి, వేలితో అద్ది, వాసన చూశాడు.
"సరే," అన్నాడు, "ఇప్పుడిది నా బండే."
ఎక్కణ్ణించి కారిందో వెతకొద్దన్నాడు.